గాలి మీద వాలిన పిట్టలు

వలస పిట్టలు అక్టోబరు పొగమంచులో సముద్రం దాటి వచ్చి, అలసటతో ఆ రాత్రి ఉట్సీరా దీవిలో దొరికినచోటల్లా వాలాయి. లాంతరుతో గుమ్మంలో నిలబడ్డ గున్వోర్ భుజం మీదా వాలాయి.

"అత్తయ్యా, గేటు దగ్గర చూడండి," అంది.

అక్కడ మనిషి భుజాలంత ఎత్తున నాలుగు పిట్టలు ఒట్టి గాలి మీద కూర్చున్నాయి. రెక్కలు ఆడించడం లేదు. అలాగే మెల్లగా ఇంటివైపు కదిలాయి. కంకర మీద తడి బూట్ల చప్పుడైంది.

వేసవిలో సముద్రంలో మునిగిన గున్వోర్ భర్త శవం ఇంకా దొరకలేదు.

"మీ అబ్బాయే వచ్చాడేమో," అంటూ తలుపు బార్లా తీసింది.

"వాడు కుంటుతాడు కదే," అంది అత్త గొంతు తగ్గించి. "ఈ అడుగులు తిన్నగా పడుతున్నాయి. మూసెయ్."

అప్పటికే పిట్టలు గుమ్మం దాకా వచ్చి, పొడుగు మనిషి తల వంచి లోపలికి అడుగుపెట్టినట్టు, కాస్త కిందికి దిగాయి.