వాగు మీద అర్జీ

ఆ నెలలో యోబు మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కడం అది ఐదోసారి.

"మళ్లా వచ్చావా?" హెడ్ గుమాస్తా బసవపున్నయ్య తలెత్తకుండానే అడిగాడు.

"వస్తానయ్యా. వాగు సంగతి తేలేదాకా వస్తానే ఉంటా."

అది యాభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. పట్నానికి మూడు మైళ్ల దిగువన, వాగొడ్డు పల్లెలో యోబు కూతురు మేరీ కాపురం. ఆ పల్లెకు బావి లేదు. ఎండలు ముదిరితే ఆడవాళ్లు వాగు ఇసకలో చెలమలు తీసి, ఊరిన నీళ్లు ముంతతో తోడుకోవాల్సిందే. పట్నం మురుగంతా పీపాబండిలో వచ్చి ఆ వాగులోనే పడుతోంది. పోయినేడు వాంతులూ బేదులూ పట్టుకుని మేరీ పెద్దపిల్ల మూడు రోజుల్లో కన్నుమూసింది. రెండోవాడు ఇప్పుడిప్పుడే దోగాడుతున్నాడు.

ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే యోబు కూతురింటికి పోతాడు. మేరీ కూడు పెడుతుంది, పక్కన చెంబుతో నీళ్లు పెడుతుంది. ఒక్క మాట అనదు. ఆమె అనకపోయేసరికి అతనికి ముద్ద దిగదు.

అర్జీ రాసిచ్చింది మిషన్ బడి పంతులు కృపాదానం. "నీ ఒక్కడి పేరు మీదేనా? బాగా ఆలోచించుకో యోబూ," అన్నాడు.

"ఊరందరి పేరూ రాస్తే ఎవరిదీ కాదంటారు పంతులుగారూ. నాదే రాయండి."

మొదటిసారి పోతే అర్జీకి స్టాంపు లేదన్నారు. రెండోసారి ఫైలు గుంటూరు పోయిందన్నారు. మూడోసారి చైర్మన్ గారు వినుకొండలో పెళ్లికి వెళ్లారన్నారు. నాలుగోసారి అసలు అర్జీయే కనపడటం లేదన్నారు. పంతులు చేత మళ్లీ రాయించుకొచ్చాడు.

"రుజువేంది?" అన్నాడు బసవపున్నయ్య ఈసారి.

యోబు చెలమ నీళ్ల సీసా చూపించి, మూత తియ్యబోయాడు. గుమాస్తా కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"అక్కడే, వసారాలోనే ఉండు. నోటితో చెప్పు చాలు."

"ఒకటే బండి అయ్యా. రోజుకు నాలుగు తిరుగుళ్లు. ఆసుపత్రి దొడ్డివి, హోటళ్లవి, పెద్దిళ్లవి. వంతెన కింద మలుపులో వంచేస్తారు."

"నువ్వు చూశావా?"

"చూడని రోజు లేదు."

"అట్టాంటప్పుడు ఆ బండివాడికే చెప్పుకోకపోయావా?"

యోబుకు ఒళ్లు మండింది. "వాడేం జేస్తాడయ్యా? పని చెప్పే మేస్త్రీ అక్కడే పొయ్యమంటే అక్కడే పోస్తాడు. ఇంకో చోటు చూపిస్తేగా! ఉత్తరాన మునిసిపాలిటీ బీడుంది. గుంటలు తవ్వించండి. పోసి మన్ను కప్పితే ఏడాదికల్లా ఎరువైద్ది. మిరపతోటల వాళ్లు ఎగబడి తోలుకుపోతారు."

"ఆ బీడు మీద కోర్టులో దావా నడుస్తోంది. నీకు తెలీదులే, పో."

"దావా తేలేలోపు ఇంకెంతమంది పిల్లల్ని పూడ్చిపెట్టాలయ్యా?"

అంత గట్టిగా అరుస్తాననుకోలేదు యోబు. ఆఫీసంతా ఇటు తిరిగి చూసింది. లోపలి గదిలోంచి చైర్మన్ గారి దగ్గు వినపడింది. బసవపున్నయ్య గబగబా కాగితం అందుకుని లోపలికి నడిచాడు.

నాలుగోనాడు పొద్దున జవాను జిలానీ యోబు గుడిసె ముందు సైకిలాపాడు. "నీ అర్జీ మీద చైర్మన్ గారు సంతకం పెట్టారంట. పదకొండింటికి రమ్మన్నారు."

యోబు నూతి దగ్గర రెండుసార్లు ఒళ్లు రుద్దుకున్నాడు. ఆదివారం ప్రార్థనకు వేసుకునే తెల్లచొక్కా తొడుక్కున్నాడు. దారి పొడుగునా మేరీకి ఏమని చెప్పాలో అనుకుంటూ నడిచాడు. ఈసారి వసారాలో ఆగమనలేదు. లోపలికి రమ్మన్నారు. అతనికి కళ్లు చెమ్మగిల్లాయి.

"వాగులో మురుగు పోస్తున్న మాట నిజమేనని తేలింది. చైర్మన్ గారు కఠినంగా చర్య తీసుకున్నారు. విను," అన్నాడు బసవపున్నయ్య, కళ్లజోడు సర్దుకుంటూ.

యోబు చేతులు జోడించాడు.

గుమాస్తా గొంతు సవరించుకుని చదివాడు: "అర్జీదారు ఇచ్చిన రుజువును బట్టి, వాగులో మురుగు పోస్తున్న పీపాబండి తోలే మునిసిపల్ పనివాడు, సదరు అర్జీదారుడే అయిన యోబును నేటినుంచి పనిలోంచి తొలగించడమైనది."