మూడో తట్టు

ఆ పాత నగరానికి నాలుగు ద్వారాలున్నా, పొద్దుగూకే వైపున్న పడమటి ద్వారం మాత్రం పోయినవాళ్ళది. పూర్వం శవాలను అటే తీసుకెళ్ళేవారు. మోసినవాళ్ళు మాత్రం వేరే ద్వారం నుంచి తిరిగొచ్చేవారు. ఆ తలుపుకు బయటివైపంతా ఇనుప మేకులు, లోపలివైపు గడియ. రాత్రి గడియ వేశాక కాపలావాడు లోపలి నుంచి మూడుసార్లు తట్టాలి. ఇక ఈ ఊరు మీది కాదని బయటివాళ్ళకు చెప్పడమన్నమాట.

ఏళ్ళ తరబడి ఆ తలుపు కాసిన మామగారు రిటైరయ్యాక ఆ కాపలా అల్లుడి నెత్తిన పడింది. ఇలాంటివంటే అతనికి నవ్వులాట. అయినా పెద్దాయన మాట తీసెయ్యలేక రోజూ తట్టేవాడు.

ఆ రాత్రి రెండుసార్లు తట్టాడో లేదో, జేబులో ఫోను మోగింది. మామగారే.

"మూసేశావా అల్లుడూ?"

"ఆ, మావయ్యా. రెండు తట్టాను, ఇంకొక్కటి..."

మాట పూర్తికాకముందే తలుపు అవతలి నుంచి ఎవరో తట్టారు. ఒక్కసారే. మెల్లగా, మర్యాదగా.

"మావయ్యా, మూడోది... అవతలి నుంచి ఎవరో తట్టారు."



"గాభరా పడకు," అన్నాడు పెద్దాయన. "ఒక్కసారి గడియ మీద చెయ్యి వేసి చూడు."

అతను చీకట్లో చెయ్యి చాపి తలుపంతా తడిమాడు.

అరచేతికి చల్లగా, వరసగా మేకులు తగిలాయి.