అండాలు తరఫున ఒట్టు

"నేను మా ఊరికి పోత," అంది అండాలు.

ఆ పిల్ల చిరిగిన రవిక చేతికి ముడి వేస్తున్న నాగులమ్మ తల ఎత్తలేదు. "ఏ ఊరికి? రజాకార్లు కాలబెట్టిన ఊరికా? ఎవలున్నరు అక్కడ నీకు?"

ఎవరూ లేరు. తల్లి ఆ మంటల్లోనే పోయింది. పదహారేళ్ల పిల్ల ఒంటరిగా నాలుగు రోజులు నడిచి, నిజాం సరిహద్దు దాటి, మునగాల పరగణాలోని ఈ కాందిశీకుల శిబిరానికి చేరింది. మామిడితోటలో తాటాకు గుడిసెలు. కుటుంబానికో చీటీ, చీటీకి వారానికి ఇన్ని మానికల జొన్నలు. ఒంటరిగా వచ్చినవాళ్ల పేర్లు ఏ చీటీలోనూ ఎక్కవు. వాళ్లు జొన్నలు కొలిచే పెద్దులు దగ్గరికి పోయి నోరు తెరిచి అడుక్కోవాలి. అందరికీ కొలిచాక రమ్మన్నాడు పెద్దులు. అండాలు పోయింది.

ఆ మధ్యాహ్నం సంగటి గిన్నె పట్టుకుని జొన్నల కొట్టం దిక్కు వెళ్లిన నాగులమ్మ తలుపు తోసింది కాబట్టి సరిపోయింది, పిల్ల చిరిగిన రవికతో బయటపడింది. పెద్దులు తల వంచుకుని నాగులమ్మ పక్కనుంచే జారుకున్నాడు. సంగటి మట్టిపాలైంది.

"రేపు కమిటీ ఆయన వస్తుండు. అందరి ముందట చెప్పు. నువ్వు చెప్పినంక నేను చూసింది నేను చెప్త," అంది నాగులమ్మ.

అండాలు నమ్మలేనట్టు చూసింది. "నువ్వా?"

"నేనే. రజాకారు చెయ్యేస్తే కొట్లాడాలె అంటరు. మనోడు చెయ్యేస్తే కడుపుల దాసుకోమంటరు. గదేం న్యాయం బిడ్డా?"

ఆ సాయంత్రం ఆమె గుడిసె గుడిసెకూ తిరిగింది. సైదమ్మ కోడలు పది రోజులుగా జొన్నలకు పోవడం మానేసిందని ఆమెకు తెలుసు. ఎందుకు మానేసిందో అడిగితే ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకో గుడిసె ముందు నలుగురు ఆడవాళ్లు ఏదో చెప్పుకుంటున్నారు. నాగులమ్మను చూడగానే మాట ఆపి గిన్నెలు తోమసాగారు. ఆమెకు ఒళ్లు మండింది. సిగ్గుపడాల్సినవాడు దర్జాగా తిరుగుతుంటే వీళ్లెందుకు నోరు కుట్టుకోవాలి?

సైదమ్మ ఒక్కతే వెంట వచ్చి చెయ్యి పట్టుకుంది. "తెలిసే చేస్తున్నవా నాగులక్కా? రేపు నోరిప్పితే నీ బతుకు ఆగమైతది."

"ఇంకా కాలేదనుకుంటున్నవా?" అని చెయ్యి విడిపించుకుంది నాగులమ్మ. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. ఏడ్చింది కూడా. పొద్దున్నే మొహం కడుక్కుని, అండాలును లేపి తల దువ్వింది.

శిబిరాలు నడిపే కమిటీ తరఫున వచ్చిన రఘుపతి బెజవాడ మనిషి. ఈ శిబిరానికి రావడం ఇదే మొదలు. మామిడిచెట్ల కింద జనమంతా కూడారు. అండాలు లేచి జరిగింది జరిగినట్టు చెప్పింది.

శిబిరం పెద్ద భీమయ్య ఒప్పుకోలేదు. ఊళ్లు కాలిన రోజు పెద్దులు వడిసెల పట్టి నిలబడ్డాడని, ముసలివాళ్లను వీపున మోసి వాగు దాటించాడని గుర్తు చేశాడు. మగవాళ్లంతా అవునంటే అవునన్నారు. మగవాడి మంచితనానికి ఊరంతా సాక్షులే. ఆడపిల్ల మాటకు మాత్రం ఒక్కరు దొరకరు. అబద్ధపు నింద వేసిన పిల్లను సరిహద్దు అవతలికి పంపేయాలని, లేకుంటే శిబిరం పరువు పోతుందని తేల్చాడు భీమయ్య. అవతల రజాకార్లున్నారని అక్కడ తెలియనివాళ్లు లేరు.

పెద్దులుకు ధైర్యం వచ్చింది. చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"అయ్యా, మా దిక్కు ఒక పద్ధతున్నది. గిసుంటి నింద వేసినోళ్లు కన్నబిడ్డ నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యాలె. అబద్ధమైతే ఆ బిడ్డ దక్కడు. ఈ పిల్ల దిక్కు ఎవలన్న ఒట్టేస్తే, మీరు ఏ శిక్ష వేసినా పడత."

తెలివైనవాడే. అండాలుకు పెళ్లి కాలేదు, తల్లి లేదు. ఎవరో పిల్ల కోసం తన బిడ్డ ప్రాణం పణంగా పెట్టే తల్లి ఎక్కడుంటుంది? సైదమ్మ తల దించుకుంది. కోడలు మొహం కప్పుకుంది.

"ఎవరైనా ఉన్నారా?" అన్నాడు రఘుపతి.

"నేనున్న," అని లేచింది నాగులమ్మ. "తలుపు తోసింది నేనే. నా కండ్లతోని చూసిన."

పెద్దులు కట్టుకున్న చేతులు వదిలేసి ఒకడుగు వెనక్కి వేశాడు. భీమయ్య గొంతు తగ్గించి, "నాగులమ్మా, నువ్వు కూసో," అన్నాడు.

"ఆమెను మాట్లాడనివ్వండి," అన్నాడు రఘుపతి. "నీకు పిల్లలున్నారామ్మా?"

"ఒక్కడే కొడుకు."

"ఒక్కడేనా? మరి వాడి తల మీద ఒట్టు వేస్తావా?"

"ఏస్త."

ఆ ముసలి మొహం చూసి రఘుపతికి జాలేసింది. "భయపడకమ్మా. నిజం చెబితే నీ కొడుక్కి ఏమీ కాదు. వాణ్ణి పిలిపించు."

"పిలిపించే పని లేదయ్యా," అంది నాగులమ్మ. అండాలు చేతిని తన చేతిలోంచి మెల్లగా విడిపించి, సైదమ్మ చేతిలో పెట్టింది. జనం పక్కకు జరిగి దారిచ్చారు.

నాగులమ్మ నాలుగడుగులు వేసి, పెద్దులు నెత్తిమీద చెయ్యి పెట్టింది.