పసుపు కొమ్ము

“ఇదైతే నేను తియ్య,” అంది ముత్తవ్వ. పుస్తెలతాడును పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.

మెట్టెలు తీసింది. గాజులు తీసింది. ముక్కుపుల్ల రాకపోతే సబ్బు రాయించుకుని మరీ తీసింది. అవన్నీ లింబయ్య చేతిరుమాల్లో మూటగా ఉన్నాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

“లోపల ఉన్నది పెద్ద అయస్కాంతం అవ్వా. ఒంటి మీద ఏదీ ఉండొద్దు,” అన్నాడు రాజలింగు. నిజామాబాద్‌లో కొత్తగా పెట్టిన ఎమ్మారై మిషన్ నడిపేది అతనే. ఈ మాట చెప్పడం ఇది నాలుగోసారి.

“మా ఆయన ఉండంగ పుస్తె తీస్తే మంచిదేనా బిడ్డా? నీకు తల్లి లేదా?”

“అర్ధగంట పని.”

“అర్ధగంటల ఏమన్న కావచ్చు. మా ఆయన రానీ. ఆయన చెప్తే తీస్త.”

రాజలింగు లింబయ్య వైపు తిరిగాడు. “ఏం కాకా, ఆయన ఎప్పుడొస్తడు?”

“పొద్దుగాలనే పిలువుమని చెప్పిన గద సార్,” అన్నాడు లింబయ్య. “బోధన్‌ల ఫస్టు బస్సు ఎక్కి ఎనిమిదింటికే వచ్చి కూసున్నం. పొద్దుగాల ఈమె మంచిగ ఉంటది. ఎండెక్కినాకనే గిట్లయితది. మీరేమో కరెంటు లేదంటిరి, డాక్టరు రాలేదంటిరి. ఒంటిగంటాయె.”

“కరెంటు నా చేతిల ఉన్నదా? రెండు దాటితే కొత్తగ ఎవరిని మిషన్ల పెట్టం. మళ్ళ వచ్చే మంగళారమే.”

మంగళవారం దాకా ఆగే ఓపిక లింబయ్యకు లేదు. ముత్తవ్వ మరపు ఇంకా మొదట్లోనే ఉంది, ఆలస్యం చేయొద్దని నరాల డాక్టరు మరీ మరీ చెప్పాడు. మెదడులో గడ్డలాంటిది ఉంటే తీసేయొచ్చట, మనిషి మునుపటిలా అవుతుందట. గడ్డ లేకపోతే మాత్రం తీయడానికి ఏమీ ఉండదట. ఆ మాట విన్న రోజు నుంచి, గడ్డే ఉండాలని లింబయ్య దేవుడికి మొక్కుతున్నాడు.

రాజలింగు ఒప్పుదల కాగితం ముందేసుకున్నాడు. “సరే, ఇదన్న రాసుకుందం. భర్త పేరేంది అవ్వా? సంతకం గూడ ఆయనదే కావాలె.”

ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మొగని పేరు నోట్లకెల్లి ఎట్లొస్తది బిడ్డా.” లింబయ్యను చూపించింది. “ఈ అన్నకు ఎరుకే. ఆయనతోటి చక్కెర ఫ్యాక్టరీల పనిచేస్తడు. నేనొక్కదాన్నే ఉన్నానని తోడొచ్చిండు, పాపం.”

లింబయ్య నోరు తెరిచాడు. ఆమె మొహం చూసి మూసుకున్నాడు. రాజలింగు ఆ గీతను ఖాళీగా వదిలేశాడు.

నేల తుడుస్తున్న ఆయా హన్మవ్వ చీపురు ఆపింది. “ఎసుంటి మొగోడే తల్లి. పెండ్లాం తలకాయను ఫోటో దీస్తుంటే పరాయి మనిషిని తోలి తను ఇంట్ల కూసున్నడా?”

“ఇంట్లెందుకుంటడు? ఇది సీజన్. ఫ్యాక్టరీల చెరుకు ఆడుతుంటే మనిషి కనవడడు. సైరన్ కూస్తే పోవుడే. మా బిడ్డ పుట్టిననాడు లేడు. జరమొచ్చి అది పోయిననాడు గూడ డ్యూటీలనే ఉన్నడు. అయినా వస్తడు. ఎప్పుడన్న రాకుండ ఉన్నడా?”

“గసుంటోడే,” అన్నాడు లింబయ్య గోడకేసి చూస్తూ. “రావాల్సినప్పుడు రాడు.”

“ఆయన్ను ఏమనకన్నా. నాకు కోపమొస్తది.”

హన్మవ్వే ఉపాయం చెప్పింది. “పసుపు కొమ్ము దారానికి కట్టి మెడల ఏస్తే అయిపోయె. గప్పుడు పుస్తె తీసినా దోషం లేదు.”

లింబయ్య రోడ్డు మీదికి పరుగెత్తాడు. జిల్లా అంతా పసుపే పండుతుంది, కానీ మొదటి రెండు కిరాణాల్లో పొడి ప్యాకెట్లు తప్ప ఏమీ లేవు. మూడో దుకాణంలో ఒక ముసలామె దేవుడి పటం ముందు నుంచి కొమ్ము తీసి ఇచ్చింది.

“పెండ్లా?” అంది.

“అసుంటిదే.”

తిరిగొచ్చేసరికి ఒకటి ముప్పావు. దారానికి పసుపు రాసి, కొమ్ము కట్టి, ఆమె మెడ వైపు వంగాడు. ముత్తవ్వ బెంచీ చివరికి జరిగిపోయింది.

“ఏందన్నా గిది. పరాయి మొగోడు కడ్తడా?”

“బుద్ధుండాలె,” అంది హన్మవ్వ.

లింబయ్యకు ‘నేను పరాయోన్నా’ అని ఒక్కసారి అరవాలనిపించింది. గడియారం చూసి ఆగాడు. కొమ్మును హన్మవ్వ చేతిలో పెట్టాడు.

“ఇది నేను తేలే. మీ ఆయనే పంపిండు. దుకాణం కాడ కలిసిండు. హన్మవ్వతోటి కట్టించుకొమ్మన్నడు.”

ముత్తవ్వ కళ్ళు వెలిగాయి. “వచ్చిండా? ఇంకేమన్నడు?”

“భయపడొద్దన్నడు. బయటనే ఉంటనన్నడు.”

ఆమె కొమ్మును వాసన చూసి కళ్ళకద్దుకుంది. హన్మవ్వ కట్టింది. అప్పుడు పుస్తెలతాడు తీసి, రెండు చేతులతో లింబయ్యకు అందించింది.

“ఆయనకే ఇయ్యాలె అన్నా. మర్చిపోతవేమో.”

“మర్చిపోను.”

హన్మవ్వ ఆమెను లోపల పడుకోబెట్టి వచ్చింది. తలుపు మూసుకుంది. రాజలింగు కాగితాన్ని బల్ల మీదుగా తోశాడు.

“ఇగ పది నిమిషాలే కాకా. సంతకం లేకుంటే నేను మిషన్ నడుప. బయట ఉన్నడంటివి గద, పిలువు ఆయనను.”

లింబయ్య మూసిన తలుపు వైపు ఒకసారి చూశాడు. పుస్తెలతాడును ఎడమచేతిలోకి మార్చుకుని పెన్ను అందుకున్నాడు.

భర్త పేరు దగ్గర తన పేరే రాశాడు.