తవిటమ్మ ఎక్కిన పల్లకీ

పెరట్లో ఎవరింట పేరంటమైనా ముందుండే తవిటమ్మ అనే చీమకి, ఆ పొద్దున పది చీమలు ఒకదానిమీదొకటి కూర్చుని గడ్డిలో ఊరేగుతూ కనిపించాయి. అందరికంటే పైన స్వయానా తోటికోడలు!

"నన్ను పిలవకుండానే పల్లకీ ఎక్కేశావా, అక్కా!" అంటూ పరుగు తీసింది.

"ఆగవే! వాళ్ల మీసాలు కదలట్లేదు, ప్రాణం మీదికొస్తుంది!" అని ముసలి చీమ అరిచింది.

"పల్లకీ ఎక్కాక ఆ మాత్రం బిగువుంటుందిలే, పిన్నీ!"

పల్లకీ కింద ఉన్నది వేటనల్లి అనే పురుగు. పీల్చేసిన చీమల డొల్లల్ని వీపున అంటించుకుని తిరగడం దాని అలవాటు. అది ముక్కు గుచ్చి, తవిటమ్మనూ పీల్చేసి, అందరికంటే పైన కూర్చోబెట్టుకుంది.

మధ్యాహ్నం ఆడపడుచు చూసి, "నేనూ వస్తున్నా, వదినా!" అని కేకేసింది.

తవిటమ్మ పలకలేదు.

"అబ్బో, ఎంత పొగరో!" అంటూ ఆడపడుచు పరుగు తీసింది.