నాలుగో పాదం

అందరూ కళ్ళు మూసుకుని ఉండగా ఎవరో మాట్లాడారు.

గైడమ్మ గబుక్కున అటు తిరిగింది.

ఆ గదిలో నోరు విప్పకూడదు. ఎప్పుడో పోయిన కవిగారి ఇల్లది. ఇప్పుడు స్మారక భవనం. గోడమీది పెట్టెలోంచి కవిగారి గొంతు ఒక్కో పద్యంలో మూడు పాదాలు చెబుతుంది. నాలుగో పాదం ఉండదు. దాని చోట చాలాసేపు నిశ్శబ్దం. ఆ తరువాత మరో పద్యం.

ఆ నిశ్శబ్దం మీద పండితులు లావుపాటి పుస్తకాలు రాశారు. 'మాట ఆగినచోట ఆత్మ మొదలవుతుంది' అని గోడమీద చెక్కించారు. కవిగారు ఈ ఇంట్లో ఏకాంతంగా తపస్సులా బతికారని దాని కిందే మరో పలక. ఎక్కడెక్కడి జనమో వచ్చి, ఆ నాలుగో పాదంలో తమను తాము వెతుక్కుని, కళ్ళు తుడుచుకుంటూ వెళతారు.

గైడమ్మకు మాత్రం అక్కడ ఎప్పుడూ ఏమీ దొరకలేదు, కాళ్ళనొప్పులు తప్ప. పొద్దుటినుంచి చెప్పిందే చెప్పి, ఆ కాస్త నిశ్శబ్దంలో గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకునేది. 'వెతికితే దొరకడానికి నాలో ఏమీ లేదు కాబోలు' అని సరిపెట్టుకునేది.

ఇవాళ ఆ కాస్తా లేకుండా పోయింది.

పెట్టెలో కవిగారు అన్నారు:

"ఊరంతా వెతికాను నన్ను,
ప్రతి తలుపూ తట్టాను,
లోపలినుంచి ఎవరూ పలకలేదు."

నిశ్శబ్దం.

వెనకనుంచి ఓ ముసలమ్మ తాపీగా అంది.

"చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. బయలుదేరిందెప్పుడు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఓ పెద్దమనిషి భగ్గుమన్నాడు. "ఇంత దూరం పడి వచ్చింది ఈ వేళాకోళానికా?" అంటూ నేరుగా మేనేజరు గదికి వెళ్ళాడు.

మేనేజరు గైడమ్మను పిలిచాడు.

"ఇంకో ఫిర్యాదు వచ్చిందంటే నువ్వు వేరే పని చూసుకో."

ఆమె తిరిగి వచ్చేసరికి గది ఖాళీ అయింది. ముసలమ్మ మాత్రం బల్లమీద అలాగే కూర్చుని ఉంది.

"మాట్లాడొద్దని అంతంత అక్షరాలతో రాసుందిగా బామ్మగారూ!"

"చదివాను తల్లీ. వాడు అలా అడిగి ఎదురుచూస్తుంటే నోరు కుట్టేసుకుని ఎలా కూర్చోను?"

"వాడా! అంతటి కవిగారిని పట్టుకుని వాడంటారా?"

"అంతటివాడయ్యాడా?" ముసలమ్మ బోసినోటితో నవ్వింది.

"అయితే మీకూ కవిగారు బాగా తెలుసన్నమాట!" గైడమ్మ వెటకారంగా అంది. అక్కడికొచ్చే ముసలివాళ్ళలో సగం మంది కవిగారితో టీ తాగినవాళ్ళే. మిగతా సగం ఆయనకు టీ పోయించినవాళ్ళు.

"ఇంకొక్క పద్యం విని పోతాను. రేపు మా అమ్మాయి నన్ను తన దగ్గరికి తీసుకుపోతోంది. మళ్ళీ రాలేను."

"మీకు దణ్ణం పెడతాను, లేవండి. నా ఉద్యోగం పోతుంది."

ముసలమ్మ లేచింది. గైడమ్మ పాదాలకేసి చూసింది.

"అయ్యో, ఎంత వాచాయే! కాసేపు కూర్చోకూడదూ? వాడేమీ అనుకోడులే."

గోడ పట్టుకుని నడుస్తూ, వచ్చిన ప్రతివాళ్ళూ కాలు తన్నుకునే ఆ ఎత్తు గడపను చూడకుండానే దాటి వెళ్ళిపోయింది.

పీడ వదిలిందనుకుంది గైడమ్మ.

ఆ సాయంత్రం ఇంట్లో కూర తరుగుతుంటే ముందుగదిలోంచి మొగుడు కేకేశాడు.

"ఏమోయ్, నా తాళం..."

"నీ జేబులోనే!"

"అడక్కముందే ఎలా చెబుతావే?"

"నువ్వు అడిగేదాకా ఆగితే నాకు తెల్లారుతుంది."

అతను పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె కాళ్ళనొప్పులు సగం తగ్గాయి.

కొన్నాళ్ళకు గోడమీది పెట్టె మూగబోయింది. మెకానిక్కు వచ్చి అటూఇటూ తిప్పి పెదవి విరిచాడు. బీరువాలోంచి పాత టేపు ఒకటి తీయించి, తను తెచ్చిన మిషనుకు ఎక్కించాడు.

"ఇది అసలు రికార్డింగు. ఇన్నాళ్ళూ మీరు వేసింది మా నాన్న శుభ్రం చేసిచ్చిన కాపీ."

"శుభ్రమంటే?"

"పద్యం ఉంచి రొదంతా తీసెయ్యమన్నారట మీవాళ్ళు. గిన్నెల చప్పుడు, వంటింట్లోంచి ఎవరో ఆడమనిషి మాటలు, అవీ ఇవీ."

మీట నొక్కాడు.

"ఊరంతా వెతికాను నన్ను, ప్రతి తలుపూ తట్టాను, లోపలినుంచి ఎవరూ పలకలేదు."

గైడమ్మ అలవాటుగా గోడకు ఆనుకుంది.

గిన్నె మీద గరిటె చప్పుడు. ఆ వెనకే, ఎక్కడో లోపలినుంచి, తాపీగా ఓ ఆడగొంతు.

"చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. నువ్వు బయలుదేరిందెప్పుడురా?"

"చూశారా రొద! కొత్త కాపీలోనూ తీసెయ్యనా?" అన్నాడు మెకానిక్కు.

ఆమె అప్పటికే గేటు దాకా పరిగెత్తింది. వీధి ఖాళీగా ఉంది. ముసలమ్మ వెళ్ళి ఎన్నాళ్ళయిందని!

కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చింది. ముసలమ్మ కూర్చున్న బల్లమీద మొట్టమొదటిసారి కూలబడింది.

"ఆపనా అమ్మా?"

"ఆపకు."

టేపులో కవిగారు పడీపడీ నవ్వుతున్నారు. నవ్వు ఆగాక, పుస్తకాల్లో ఎక్కడా లేని మాట ఒకటి అన్నారు: "నాదేముందే అక్కా, నేను ఊరికే అడుగుతాను. పద్యం చెప్పేది నువ్వేగా."