సైగల టేబుల్

“నెల నిండింది కృపారాణీ. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. సాయంత్రం ఆ టేబుల్ స్టోర్ రూముకు పంపించేద్దాం,” అన్నాడు సూపరింటెండెంట్ వాసుదేవ్.

కర్నూల్లోని ఆ ఆసుపత్రిలో కృపారాణి నర్సు. చెవిటివాళ్లకూ మాట రానివాళ్లకూ సాయం చేయడానికి వరండాలో ఒక టేబుల్ కావాలని ఆర్నెల్లు సారు వెంటపడి సాధించుకుంది. ఆమె నాన్న నెహెమ్యాకు వినపడదు. ఒకసారి ఏదో ఆసుపత్రిలో తన పేరు పిలిచింది వినపడక, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చుని, చూపించుకోకుండానే ఇంటికొచ్చాడు. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

తీరా టేబుల్ వేశాక, వచ్చినోళ్లంతా “బాత్రూం యాడమ్మా?” అని అడిగినోళ్లే!

“సాయంత్రం దాకా టైముంది కద సార్,” అంది మొండిగా.

పదింటికి ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు ఒక పెద్దావిడను చెయ్యి పట్టుకుని దించాడు. జరీ అంచు చీర, నుదుట విభూతి, బూరెలా వాచిన కుడి మణికట్టు.

“మెట్ల మీద జారి పడిందక్కా. దావంతా అడగతానే ఉండా, ఊ అనదు, ఆ అనదు. మూగామె అనుకుంటా.”

“నీ పేరేందవ్వా?” అంది కృపారాణి.

పెద్దావిడ ఎడమచేతి వేలు పెదాల మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

కృపారాణి మొహం వెలిగిపోయింది. పక్కవాళ్ల ఎముక విరిగితే సంబరపడతానా అని వెంటనే నాలిక్కరుచుకుంది. అయినా సంబరం ఆగందే!

రాయిద్దామంటే కుడిచెయ్యి పోయె. ఆమె చేతి సంచి మీద ఓర్వకల్లు కిరాణా కొట్టు పేరూ, ఫోన్ నంబరూ అచ్చేసి ఉన్నాయి. చేస్తే కొట్లో పనిచేసే తిమ్మన్న ఎత్తి, ఆనవాళ్లు విన్నాడు.

“మా రాజ్యలక్ష్మమ్మనా? అయ్యో! కోడలమ్మకు చెప్తా, చెప్తా!” అని పెట్టేశాడు. మందుల సంగతి అడిగే సందే ఇవ్వలేదు. మళ్లీ చేస్తే ఎత్తితే ఒట్టు.

ఇక సైగలే గతి. కృపారాణి వేళ్లు నోటి దగ్గర పెట్టి, “తిన్నావా అవ్వా?” అంది. లేదంది తల. బొమ్మల కార్డులు పరిచింది. బీపీ బిళ్ల బొమ్మ మీద వేలు పడింది. షుగర్ బొమ్మను పక్కకు తోసేసింది. ఆమెకు సైగలు ముందే తెలిసినట్టు లేదు. పాపం, ఊళ్లో ఎవరూ నేర్పలేదేమో! కానీ ఒకసారి చూపిస్తే చాలు, ఇట్టే పట్టేస్తోంది. ఇంత చురుకైన మనిషిని కృపారాణి ఈమధ్య చూడలేదు.

డ్యూటీ డాక్టర్ హెన్రీ నొప్పి తగ్గే మందు సిరంజిలోకి ఎక్కించాడు. పెద్దావిడ చటుక్కున చెయ్యి లాగేసుకుంది.

“సూదంటే భయం. పట్టుకోండమ్మా.”

“ఆగండి సార్! ఏమో చెప్తాండాది.”

పెద్దావిడ సిరంజి వైపు వేలు చూపించింది. బుగ్గలు పూరించింది. కళ్లు మూసుకుపోయినట్టు పెట్టి, మెడంతా గోక్కుని, నోరు తెరిచి ఆయాసపడింది.

కృపారాణి ముందుకు వంగింది. “ఇంతకుముందు ఈ సూదేస్తే మొహం వాచి, ఊపిరాడలేదా అవ్వా?”

అవునని తల ఊపిందే ఊపింది. హెన్రీ సిరంజి పక్కన పడేసి, చెమట తుడుచుకుని, వేరే మందు తెప్పించాడు. వేసుంటే ఏమయ్యేదో!

మధ్యాహ్నానికి కట్టు కట్టేశారు. సూపరింటెండెంట్ స్వయంగా వచ్చాడు.

“నువ్వు లేకపోతే కొంప మునిగేది కృపారాణీ. టేబుల్ ఎక్కడికీ పోదు. కావాలంటే స్టోర్ రూముకు నేను పోతా!”

పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. చెవులు వినపడకున్నా పెదాలు చూసే మాటలు పట్టేస్తోంది, గట్టిదే, అనుకుంది కృపారాణి.

పొరుగూరు పోయున్న కోడలు హిమబిందు, కబురు అంది పొద్దు వాలే వేళకు పరుగున వచ్చింది.

“అత్తా! ఏమైందత్తా!”

“అట్ల వెనకనుంచి పిలిస్తే ఆమెకెట్ల తెలుస్తాదక్కా? ముందుకు రా,” అంది కృపారాణి కాస్త కోపంగా. ఇన్నేళ్లూ ఇంట్లో ఒక్కరూ ఈమె కోసం నాలుగు సైగలు నేర్చుకోలేదా అని ఆమె బాధ. “చూడు, నొప్పి అంటే ఇట్ల. నీళ్లు అంటే ఇట్ల. ఇంట్లో అందరూ నేర్చుకోండి. ఆమెకూ మాట్లాడాలని ఉంటాది కదా!”

హిమబిందు కృపారాణిని చూసింది, అత్తను చూసింది. అత్త కళ్లెర్ర చేసింది. హిమబిందు చున్నీ నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

పాపం, ఏడుస్తోంది. కృపారాణికీ కళ్లు చెమర్చాయి. ఇకనైనా ఇంట్లోవాళ్లు మారతారు, అంతే చాలు అనుకుంది. పెద్దావిడ కట్టు లేని చెయ్యి పట్టుకుని, నిదానంగా, ఒక్కో వేలూ మడిచి ‘పోయొస్తా’ అనే సైగ నేర్పించింది. కిటికీ అవతల వీధి దీపాలు వెలిగాయి.

“పొద్దు గూకినాది,” అంది రాజ్యలక్ష్మమ్మ ఖంగుమనే గొంతుతో, “వచ్చే సోమవారం మౌనవ్రతానికి శానా పనికొస్తాయి, ఇంకో నాలుగు సైగలు నేర్పియ్యి పాపా!”